తమ్ముడి కనురెప్ప వెంట్రుక

రంగులక్కకు కోపం రాని రోజు ఒక్క ఆదివారమేనని పోర్టులో అనుకునేవారు. ఆదివారం ఆమె పోర్టుకు రాదు, అందుకని వాళ్లకు అలా అనిపించేది. ఇంట్లో మొగుణ్ణి అడిగితే ఆ భ్రమ కూడా తీరిపోయేది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఇంటి ముందుగదే దుకాణం. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో గోరంత చక్రాలు తీస్తూ, భార్య అరిచిందంతా విని, చివర్లో "అయిందా? తిందామా?" అనేవాడు. దాంతో ఆమె ఒళ్లు ఇంకాస్త మండేది.

అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. వేళ్ల చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. దిండు గలీబు మీద, తలుపు గడియ మీద, టీ కప్పు చెవి మీద కూడా ఆ ఎరుపే. క్రేను తోలేవాడెవడో వేళాకోళానికి రంగులక్క అన్నాడు, ఇక అందరికీ అదే నోటికొచ్చేసింది. తనకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అంటుంటే మొదట్లో ఒంటికాలి మీద లేచేది. తర్వాత అరవడానికి ఇంతకంటే మంచి కారణాలు బోలెడు దొరికి, దాన్ని వదిలేసింది.

ఆమె పని ఇదీ. సరుకు లేని ఓడ సముద్రంలో ఊగిపోకుండా పొట్టలో సముద్రపు నీళ్లు నింపుకొని వస్తుంది. ఇక్కడ సరుకు ఎక్కించుకునేటప్పుడు ఆ నీళ్లను రేవులో వదిలేస్తుంది. ఎక్కడివో నీళ్లు, ఎక్కడివో ప్రాణులు. కంటికి ఆననంత చిన్న నత్త పిల్లలు, ఆల్చిప్పల పిల్లలు, రొయ్యకు దూరపు చుట్టాల్లాంటి పురుగులు. వాటిలో ఒక్క జాతి ఇక్కడ కాపురం పెట్టినా ఇక్కడివాటి నోట్లో మట్టే. అందుకని వాటిని ఓడలోనే యంత్రంతో చంపి, ఆ తర్వాతే నీళ్లు వదలాలని నియమం. చంపేశామని ఓడవాళ్లు అంటారు. నిజంగా చచ్చాయో లేదో చూసి చెప్పాల్సింది రంగులక్క.

ఓడ నీళ్లను సన్నటి వలగుడ్డలో వడగట్టి, మిగిలినదాన్ని గాజుగిన్నెలోకి తీసి, ఎర్రరంగు కొన్ని చుక్కలు వేసి, చీకటి బీరువాలో పెడుతుంది. బతికున్న పురుగు ఆ రంగు తాగి లోపల ఎర్రబడుతుంది. చచ్చింది తాగలేదు కాబట్టి గాజుముక్కలా తెల్లగా ఉండిపోతుంది. వినడానికి ఎంత సులువో! రంగు ఎక్కువైతే బతికున్నదీ చస్తుంది. తక్కువైతే ఏదీ తేలదు. వెలుతురు తగిలితే ఆ రంగే వాటికి విషమవుతుంది. తొందరపడి బయటికి తీస్తే అవి ఇంకా తాగే ఉండవు. మంచినీళ్లతో కడిగిన గిన్నె వాడితే సముద్రపు ప్రాణి అక్కడికక్కడే గుటుక్కుమంటుంది. ఇవన్నీ నెత్తీ నోరూ బాదుకుని చెప్పినా, వినేవాడు చివరికి అడిగేది ఒకటే: చచ్చాయా, బతికున్నాయా, ఒక్క మాటలో చెప్పు.

అందుకే ఆమె ఎప్పుడూ మూడు గిన్నెలు పెట్టేది. ఒకటి బతుకు గిన్నె: అప్పుడే రేవులోంచి తెచ్చిన నీళ్లు, అందులోవన్నీ ఎర్రబడి తీరాలి. రెండోది చావు గిన్నె: అవే నీళ్లు పొయ్యిమీద ఉడకబెట్టి చల్లార్చినవి, అందులో ఒక్కటీ ఎర్రబడకూడదు. మూడోది ఓడ గిన్నె. మొదటి రెండూ చెప్పాల్సింది చెబితేనే మూడోదాని మాట నమ్మాలి. పెళ్లయిన కొత్తలో చావు గిన్నెకని వంటింటి గిన్నె పట్టుకుపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తోమినా ఆయన అందులో కాచిన పాలు ముట్టలేదు. అంత ఓర్పు గల మనిషి విసుక్కున్నది ఆ ఒక్కసారే.

ఇవి కాక ఆమె దగ్గర ఇంకో పనిముట్టు ఉంది. రంగు ఎక్కిందో లేదో అనుమానమొస్తే పురుగును మెల్లగా తాకి చూడాలి. సూదితో తాకితే కడుపు చీలుతుంది. అందుకు కనురెప్ప వెంట్రుకే తగినది: మెత్తన, కొన సన్నం. రంగులక్క రెప్పలు పొట్టివి. తమ్ముడికి మాత్రం చిన్నప్పటినుంచీ దూడకు ఉన్నట్టు ఇంతింత రెప్పలు. మగపిల్లాడికి ఎందుకురా ఇవి, నాకివ్వు అని ఏడిపించేది. ఉద్యోగంలో చేరాక నిజంగానే అడిగింది. అప్పటినుంచీ చెంప మీద రాలిన వెంట్రుకనల్లా వాడు అగ్గిపెట్టెలో దాచి తెచ్చిచ్చేవాడు, బావ దాన్ని గడియారాలకు వాడే జిగురుతో పుల్లకొనకు అతికించేవాడు.

ఈ తమ్ముడే ఆమె తలనొప్పుల్లో పెద్దది. రేవుకు ఆనుకున్న సముద్రపు పాయలో తెప్ప కట్టి, తాళ్లు వేలాడదీసి, ఆల్చిప్పలు పెంచుతాడు. కిందటి తడవ తాళ్లన్నిటికీ ఎక్కడినుంచి వచ్చిందో ఏమో జిగురు తెట్టులా పాకే పరాయి ప్రాణి పట్టి, లోపలి ఆల్చిప్పలు ఊపిరాడక కుళ్లిపోయాయి. ఏ ఓడ మోసుకొచ్చిందో తేలలేదు. మళ్లీ తాళ్లు పేని, మళ్లీ కాచుకుని కూర్చుంటే, ఈసారి పిల్ల పట్టింది. నువ్వుగింజంత ఆల్చిప్పలు తాడు కనపడకుండా నల్లగా కిక్కిరిసి ఉన్నాయి. ఇవి కూడా పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని అక్కతో చెప్పాడు. చెబుతూ కళ్లొత్తుకున్నాడు. ఆమె వాణ్ణి ఓదార్చలేదు. ముక్కు తుడుచుకోమంది.

బతుకు గిన్నెకు నీళ్లు తెచ్చేదీ, రేవు నీళ్లు ఎలా ఉన్నాయో చూసే పరీక్షకు ఆల్చిప్పలు తెచ్చేదీ వాడే. అందుకే వాడికి పోర్టు గేటు పాసు ఉంది. వచ్చిన ప్రతిసారీ ఒకటే పాట: ఎర్రబడినా తెల్లబడినా బతికున్నాయనే చెప్పెయ్యక్కా, నీ సొమ్మేం పోయింది? అటువైపు ఓడల ఏజెంటుదీ అదే గొడవ, తిరగేసి. ఓడ యజమానుల తరఫున పోర్టులో అన్ని గుమ్మాలూ తొక్కే మనిషి అతను. చెవిలో జోరీగలా తిరుగుతూ, చచ్చాయనెయ్యండక్కా, ఓడ ఊరికే నిలబడిపోతోంది అంటాడు. వీడికి బతకాలి, వాడికి చావాలి. పురుగుల్ని అడిగే తీరిక ఎవరికీ లేదు. మీరిద్దరూ కలిసి ఆ కుర్చీలో కూర్చుని రంగులు వేసుకోండి, నేను ఇంటికి పోయి పడుకుంటాను అని ఆమె ఎన్నోసార్లు విసిరికొట్టింది. ఎప్పుడూ పోలేదు.

ఆ వారం వచ్చిన ఓడ మామూలుది కాదు. జిగురు తెట్టుతో ఆల్చిప్పల సాగు మొత్తం మూతబడిన రేవునుంచే ఈ ఓడ వచ్చిందని తమ్ముడు విన్నాడు. విన్నప్పటినుంచీ వాడికి తిండి సయించలేదు. పొద్దున్నే నీళ్ల బకెట్టూ ఆల్చిప్పల సంచీ పట్టుకుని ల్యాబుకొచ్చి, మూల స్టూలు మీద కూర్చుని కదలలేదు. రంగులక్క మూడు గిన్నెల్లో రంగు వేసి బీరువాలో పెట్టింది. ఇంతలో ఆలస్యం చేస్తున్నారని ఏజెంటు ఫిర్యాదు చేశాడట, పోర్టు ఆఫీసరుగారు పిలిచారు. కదలకుండా కూర్చో, ఏదీ ముట్టుకోకు అని తమ్ముడికి చెప్పి వెళ్లింది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాల్సొచ్చిందే అని దారంతా చిరాకుపడింది.

ఆఫీసరు గదిలో ఏజెంటు చెప్పిందే చెబుతుంటే, ఆమె కూడా ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. ఆఫీసరు నెమ్మదిగల మనిషి. ఫలితం వచ్చాక చూద్దామని ముగ్గురూ కలిసి ల్యాబుకు వచ్చారు. స్టూలు ఖాళీగా ఉంది. ఆమె బీరువా తీసి ఓడ గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టింది.

అన్నీ ఎర్రగా ఉన్నాయి.

ఇంత ప్రాణంతో ఈ నీళ్లను వదిలేవాళ్లా అని ఏజెంటు మీద కయ్యిమని లేవబోయి, ఆగింది. ఎరుపు తన ఎరుపులా లేదు. ఇటుకరంగు ఉండాల్సింది, గులాబీరంగుగా ఉంది. ఒక పురుగు తెగిన కాలు పక్కకు పడి ఉంటే, ఆ కాలూ గులాబీగానే ఉంది. ఒంటినుంచి ఊడిన కాలు బతికుండటమేమిటి? చావు గిన్నె తీసి చూసింది. పొయ్యిమీద ఉడికినవన్నీ గులాబీరంగులో వెలిగిపోతున్నాయి. గిన్నె దగ్గర ముక్కు పెడితే స్పిరిట్ వాసన గుప్పుమంది.

సముద్రం అడుగు బురదను పరీక్షించడానికి ఆమె దగ్గర వేరే రంగు సీసా ఉంటుంది. మాంసం ఎక్కడుంటే అక్కడ అంటుకోవడమే ఆ రంగుకు తెలుసు. ప్రాణం ఉందా పోయిందా అని అడగదు. స్పిరిట్‌లో కలిపి ఉంచుతారు. అరలో ఆ సీసా మూత వంకరగా ఉంది, పక్కన తడి మరక. గదిలో ఉన్నది ఒక్కడే. ఏ గిన్నె ఏదో తెలియక మూడింటిలోనూ పోసి ఉంటాడు.

"ఏమైందక్కా? తెల్లగానే ఉన్నాయి కదా?" అన్నాడు వెనకనుంచి ఏజెంటు.

చెయ్యి జారి ఒలికిపోయిందంటే సరిపోయేది. గిన్నెలు సింకులో బోర్లించి ఇంకోసారి నీళ్లు తెప్పించుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లూ వీళ్లిద్దరితో తల బద్దలుకొట్టుకున్నది దేనికోసం? గిన్నెలో ఏముంటే అది చెప్తాననే కదా. పైగా తాను చేసింది తప్పని ఆ వెధవకు తెలియనే తెలియదు. ఇవాళ కప్పిపెడితే రేపు మళ్లీ వచ్చి పోస్తాడు. కిటికీలోంచి చూస్తే కింద గేటు దగ్గర నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఎన్నో రోజుల తర్వాత వాడి ముఖాన నవ్వు. ఆమె మెట్లు దిగి వెళ్లి, మోచెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది.

"ఏ సీసా పోశావురా?"

"ఎర్రదేగా అక్కా... నువ్వు పోసేదే."

"నేను పోసేది కాదు. ఇది చచ్చినవాటిక్కూడా అంటుకునే రంగు. స్పిరిట్‌లో కలిపింది. ఈ గిన్నెలో బతికున్నవి ఏవైనా ఉంటే, వాటిని నువ్వే చంపావు. నీ తాళ్ల కోసం సాక్ష్యం చెప్పాల్సినవి అవేరా."

అది అర్థమయ్యాక వాడి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఆమె ఆఫీసరు వైపు తిరిగి, ఈ పరీక్ష చెల్లదనీ, గిన్నెల్లో చెయ్యి పెట్టింది తన తమ్ముడేననీ చెప్పింది. చెబుతుంటే గొంతు పెద్దదైంది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. వాడి మీదా, వాణ్ణి గదిలో వదిలి వెళ్లిన తన మీదా, వెనక నిలబడి జేబులోంచి ఫోను తీస్తున్న ఏజెంటు మీదా.

ఏజెంటుకు పండగే అయింది. అక్క పరీక్ష చేస్తే తమ్ముడు రంగు పోస్తాడా, ఇలాంటి ల్యాబు మాట ఏ ఓడవాడు వింటాడు, చచ్చాయని రాసి వదిలెయ్యండి అని గొంతెత్తాడు. ఆఫీసరు ఇద్దరి మాటా వినలేదు. తమ్ముణ్ణి గేటు పాసు ఇచ్చెయ్యమన్నారు. ఓడనుంచి మళ్లీ నీళ్లు తెమ్మన్నారు. బీరువా తాళంచెవి ఏజెంటు దగ్గరే ఉంటుందన్నారు. తమ్ముడు పాసు టేబుల్ మీద పెట్టి, అక్క వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆల్చిప్పల సంచి మూలనే ఉండిపోయింది.

కొత్త నీళ్లొచ్చాక ఆమె మూడు గిన్నెలూ మళ్లీ పెట్టింది. ఈసారి ఏజెంటు స్టూలు బీరువా ముందుకు లాక్కుని, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, కొంగలా కూర్చున్నాడు. రంగులక్కకు ఆ కాసేపూ ముళ్లమీద కూర్చున్నట్టుంది. ఇప్పుడు తెల్లగా వస్తే నీళ్లు వదిలేస్తారు, అది న్యాయమే. కానీ బతికున్నవి ఉండి, అవి ఎర్రబడినా, తన ఎరుపును ఎవడు నమ్ముతాడు? తమ్ముడు గిన్నెల్లో పోసింది రంగే అయినా, ఆమె మాట మీద మట్టి పోసి వెళ్లాడు. మైక్రోస్కోపు అద్దం తుడిచిందే మళ్లీ తుడిచింది.

తాళం తీశారు. బతుకు గిన్నెలోవన్నీ ఇటుకరంగుకు తిరిగి చెంగుచెంగున ఎగురుతున్నాయి. చావు గిన్నె తెల్లగా ఉంది. ఓడ గిన్నెలో చాలావరకు తెల్లవే. కానీ వాటి నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి, ఎర్రగా ఉన్నవి ఉన్నాయి. నియమం ఒప్పుకునే దానికంటే ఎక్కువే ఉన్నాయి. కదలకుండా పడి ఉన్నాయి. యంత్రం దెబ్బకు సొమ్మసిల్లాయేగానీ చావలేదు.

ఆఫీసరు చూశారు. ఏజెంటు కూడా వంగి చూశాడు.

"ఒక్కటీ కదలట్లేదు. పొద్దున చచ్చినవి ఎర్రబడలేదా? ఇవీ అంతే," అన్నాడు.

అతని మాటలోనూ తప్పులేదు. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది. రంగు పక్కన పెట్టి ఇంకేదైనా దారి ఉందా అని ఆఫీసరు అడిగారు. రంగులక్క సొరుగు లాగి పుల్ల తీసింది.

"ఏంటది?"

"వెంట్రుక."

"ఎవరిది?"

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "మా తమ్ముడిది."

"మళ్లీ తమ్ముడేనా!" అన్నాడు ఏజెంటు.

ఆఫీసరుగారు ముఖం పక్కకు తిప్పుకున్నారు, నవ్వారేమో. రంగులక్క పుల్లను ఏజెంటు చేతిలోనే పెట్టింది. నేను ముట్టుకోను, మీరే తాకి చూడండి, గుచ్చకండి, రాసినట్టుగా తాకండి అంది. అతను ఊపిరి బిగబట్టి ఒక తెల్లదాన్ని తాకాడు. అది తోసిన వైపుకు పోయి ఊరుకుంది. ఇంకో తెల్లది, అదీ అంతే. ఎర్రదాని దగ్గరకొచ్చాడు. దాని మీసం మీద వెంట్రుక ఆనిందో లేదో, అది ఒళ్లంతా ముడుచుకుని ఒక్క గెంతు గెంతింది. ఏజెంటు ఉలిక్కిపడి తల వెనక్కి తీశాడు. మళ్లీ వంగి ఇంకో ఎర్రదాన్ని తాకాడు. అదీ గెంతింది.

"కదిలింది," అన్నాడు మెల్లగా. ఇందాకటి గొంతు కాదు అది. ఫోను తీసి ఓడకు చెప్పడానికి వరండాలోకి వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి, వెంట్రుక విరిగినట్టుంది చూసుకోండక్కా అన్నాడు. కొన నిజంగానే విరిగింది.

ఓడ నీళ్లు వదలకుండానే, యంత్రం బాగుచేయించుకుని మళ్లీ శుద్ధి చేయడానికి సముద్రంలోకి వెళ్లింది. పాయలో తాళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, పిల్ల పెరుగుతోంది. తమ్ముడు సంతోషించాలి కదా? అబ్బే. అందరి ముందూ మోచెయ్యి పట్టి లాక్కొచ్చిందని, నా తమ్ముడేనని నోరారా చెప్పిందని, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. బావతో మాత్రం చెప్పాడట: అక్కకు తోడబుట్టినవాడికంటే ఆ గిన్నెలే ఎక్కువ అని. బావ ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకొచ్చాడు. ఆయనకు గడియారం చక్రమైనా, మాటైనా, తీసినచోట పెట్టడమే తెలుసు.

రంగులక్క ఆ పూట తినలేదు. వాడి తాళ్లను కాపాడింది ఆ గిన్నెలే కదా, ఎవడి కోసం ఇదంతా, మట్టిబుర్ర వెధవ అని గోడకు చెప్పింది, దిండుకు చెప్పింది. తర్వాత ఏడ్చింది. వాడి ముఖంలో రక్తం ఇంకిపోవడం ఆమె కళ్లముందునుంచి పోలేదు. నిజం చెప్పినందుకు ఆమెకు బాధ లేదు. వాడు చూడకుండా వెళ్లిపోయినందుకు బాధ. వాడికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కోపం.

వాడి ఆల్చిప్పలు ఇప్పుడు పక్క తెప్పవాడు పట్టుకొస్తున్నాడు. బతుకు గిన్నెకు నీళ్లు ఆమే చేదుకుంటోంది. విరిగిన వెంట్రుకతో పని జరగట్లేదు. తన రెప్ప వెంట్రుక అతికించి చూస్తే పుల్ల దాటి బయటికే రాలేదు. బ్రష్షు వెంట్రుక పెడితే పురుగుల్ని చిమ్మినట్టయింది. మొగుడి రెప్ప వెంట్రుక ఒకటి దొరికింది, అది ఉంగరం చుట్టుకుంది. ఆ మనిషిలాగే దేనికీ తిన్నగా నిలబడదని ఆయన ముందే తిట్టింది. "అయిందా?" అన్నాడాయన.

తర్వాతి ఆదివారం ఆమె దుకాణంలోకి టీ పట్టుకెళ్తే, బల్ల మీద చక్రాల మధ్య ఒక అగ్గిపెట్టె ఉంది. మీ తమ్ముడు ఇచ్చి వెళ్లాడన్నాడాయన. లోపలికి రాలేదా అంటే, రాలేదు అన్నాడు. ఏమైనా అన్నాడా అంటే, ఏమీ అనలేదన్నాడు.

ఆమె అగ్గిపెట్టె తెరిచింది. లోపల దూది. దూది మీద మూడు వెంట్రుకలు, పొడుగ్గా, నల్లగా. భూతద్దం లాక్కుని చూసింది. రాలిన వెంట్రుక మొదలు ఎండి సన్నగా ఉంటుంది. వీటి మొదళ్ల దగ్గర తెల్లటి తడి గడ్డ అంటుకుని ఉంది.

"పీక్కున్నాడా?" అంది.

"ఇక్కడే, ఈ అద్దంలో చూసుకుంటూ. నా పట్టకారు అడిగి తీసుకున్నాడు."

"ఏడ్చాడా?"

"రెప్ప వెంట్రుక పీక్కుంటే నీళ్లు రాకుండా ఎలా ఉంటాయి?"

రంగులక్క అగ్గిపెట్టె మూసి గుప్పిట్లో పెట్టుకుంది. ఒక్కటి చాలదా, మూడెందుకు, బుద్ధుందా వాడికి, కన్ను వాచిపోతే తెప్ప ఎవడు చూస్తాడు అని మొదలుపెట్టింది. రాలినవి చాలు, ఇంకెప్పుడూ పీక్కోవద్దని చెప్పమంది ఆయనతో.

"నువ్వే చెప్పు," అన్నాడు ఆయన, చక్రం మీదనుంచి తలెత్తకుండానే.

ఆమె టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి, చెప్పులేసుకుని, పాయ వైపు బయలుదేరింది. వీధి మలుపు తిరిగేదాకా తిట్లు వినపడుతూనే ఉన్నాయి.